శనివారానికి వాయిదా పడ్డ పెద్దపండగ

ఓ పెద్దపండగా!

ఇంగ్లండులో నిన్ను శనివారానికి వాయిదా వేశారట తల్లీ. సూర్యుడు మకరంలో కాలుపెట్టే ఘడియను విఘడియలతో సహా గుణించి పంచాంగంలో రాసిపెట్టిన పెద్దలు ఏమనుకుంటారో గానీ, ఆ ఘడియ కుదరదనీ, ఆ రోజు గురువారమనీ, గురువారం డ్యూటీలుంటాయనీ, శనివారం మధ్యాహ్నం రెండింటికి రమ్మనీ నీకు కబురు వెళ్ళిందట. ఏడు గుర్రాల రథాన్ని ఉత్తరానికి మళ్ళించుకుని వస్తున్నవాణ్ణి దారిలో ఆపి, 'స్వామీ, రెండు రోజులు ఆగు, హాలు అప్పుడే దొరికింది' అన్నవాళ్ళెవరు? ఆ మాట అనడానికి ఏ నాలుక తిరిగింది? విని ఊరుకున్న ఆకాశానికి ఏం జబ్బు చేసింది?

బుచ్చయ్యపేట పటంలో వెతికితే దొరకదు. చెరకు తోటల్లో వెతికితే దొరుకుతుంది. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడికి దండం పెట్టుకుని, నర్సీపట్నం దారి పట్టి, వడ్డాది మీదుగా వచ్చే నేల ఇది. మత్స్య రాజులు వడ్డాదిని ఏలిన కాలంలోనూ ఇక్కడ మంచు ఇలాగే కురిసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు మమ్మల్ని విశాఖ ఒడిలోంచి తీసి అనకాపల్లి ఒడిలో కూర్చోబెట్టారు. ఒడి మారింది, చలి మారలేదు, చెరకు మారలేదు.

నెలగంట పెట్టిన నాటి నుంచి ఈ నేల ముస్తాబు మొదలుపెట్టేది. చెరకు తోటలు వెండికుచ్చుల పూత తలకెత్తుకునేవి. పెద్దేటి మీద మంచు పొద్దెక్కేదాకా దుప్పటి తీసేది కాదు. గానుగల దగ్గర పెనాల్లో పానకం పొంగి, పొంగు అణిగి, ముదురుపాకమై, దిమ్మలు కట్టి, అనకాపల్లి బజారుకి బండెక్కేది. గోవాడ ఫ్యాక్టరీ దారి పొడుగునా చెరకు బళ్ళు బారులు తీరితే, వెనకమాటున పరిగెత్తి గడ లాక్కోని పిల్లాడు ఈ చుట్టుపక్కల పుట్టనే లేదు. భోగినాడు కోడి కూయకముందే వీధి మొగలో మంట లేచేది. విరిగిన నాగలి, కాలూడిన మంచం, తాటిమట్టలు, పిడకల దండలు. ఆ దండ మెళ్ళో వేసుకుని, దాని బరువుకి కాస్త వంగి, అమ్మ వేలు పట్టుకుని నడిచొచ్చే చంటిదాని బుగ్గల మీద మంట ఎరుపు పారాణి అద్దేది. హరిదాసు తలమీద అక్షయపాత్ర, గంగిరెద్దు వీపున జలతారు బొంత, జంగందేవర చేతి గంట, తప్పెటగుళ్ళవాళ్ళ గుండెల మీద రేకు తప్పెట. ఊరికి ఊరే ఒక గొంతై పలికేది.

మా ఉత్తరాంధ్రలో ఈ పండగ బతికున్నవాళ్ళది మాత్రమే కాదు, పోయినవాళ్ళది. అసలు ముందు వాళ్ళదే. గది మూల పేడతో అలికి, ముగ్గేసి, పీట వేసి, పసుపు బొట్లు పెట్టిన మడత విప్పని చీర, పంచె దాని మీద పెడతారు. ముందు అరిటాకు. ఆకులో కొత్తబియ్యం అన్నం, గుమ్మడికాయ కూర, గారెలు, బూరెలు, ఆ ఇంటి పెద్దకి ఏది ఇష్టమైతే అది. మా తాత ఆకులో ఒక చుట్ట కూడా ఉండేది. సాంబ్రాణి పొగ వేసి తలుపు ఓరగా చేరవేస్తారు. కాసేపు ఎవరూ లోపలికి తొంగిచూడకూడదు. వాళ్ళు వచ్చి, తిని, బట్టలు చూసి మురిసి వెళ్ళాలి. ఆ తర్వాతే మిగిలినవాళ్ళకి కొత్తబట్టలు, మిగిలినవాళ్ళకి విస్తళ్ళు. చిన్నప్పుడు ఆ తలుపు సందులోంచి వచ్చే బూరెల వాసనకి మేం పడ్డ యాతన పెద్దలకి తెలిసే ఉంటుంది. అందుకే పెద్దగా ఆలస్యం చేసేవారు కాదు.

అలాంటి పండగని శనివారానికి నెట్టింది ఎవరు? తెల్లవాడని అనేస్తే పీడా పోతుంది. అనేయడం తేలికే. కానీ వాడి గుమ్మంలోనే ఎన్ని పండగల శవాలు పడున్నాయో చూశాక నాకు తిట్టబుద్ధి కాలేదు.

లండన్ నడిబొడ్డున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఉంది. ఒకప్పుడు ఏడాదిలో సుమారు 33 రోజులు దాని తలుపులు పండగలకి మూతపడేవి. ఒక్కో సాధువుకి ఒక్కో రోజు. 1834లో ఒక్క కలంపోటుతో నాలుగు మిగిలాయి: గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, మే 1, నవంబరు 1. ఇన్ని పండగలు ఒక్కసారిగా కన్నుమూస్తే ఏ ఊరైనా గుండెలు బాదుకుంటుంది. జమాఖర్చుల పుస్తకానికి గుండె లేదు, బాదుకోవడానికి చేతులూ లేవు. పొగగొట్టాలు ఆకాశానికి మసి పూస్తున్న కాలమది. మరమగ్గం ఆగితే సొమ్ము ఆగుతుంది. సొమ్ము ఆగకూడదంటే సాధువు ఆగాలి. ఆగాడు.

1871లో సర్ జాన్ లబ్బాక్ అనే పార్లమెంటు సభ్యుడు జాలిపడ్డాడు. తానూ బ్యాంకరే, తీరిక దొరికితే చీమల మీద పరిశోధన చేసే మనిషి. పని తప్ప పండగ ఎరగని బతుకెలా ఉంటుందో చీమల్ని చూసి తెలుసుకున్నాడేమో, చట్టం చేయించి ఇంగ్లండుకి నాలుగు బ్యాంకు సెలవులు తెచ్చాడు. ఈస్టర్ మర్నాటి సోమవారం, విట్ సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, డిసెంబరు 26. కూలిజనం సంతోషం పట్టలేక ఆగస్టు సెలవుకి సెయింట్ లబ్బాక్ దినమని పేరు పెట్టుకున్నారు. సాధువులందరినీ సాగనంపిన చోట బ్యాంకరు సాధువయ్యాడు!

అందులో విట్ సోమవారానికి ఇంకా చంద్రుడితో చుట్టరికం ఉండేది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి, ఆ పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్, అక్కడికి ఏడు వారాలకి విట్ పండగ. మన ఉగాది, మన సింహాద్రి అప్పన్న చందనోత్సవం ఏ చంద్రుడి వెంట నడుస్తాయో ఆ చంద్రుడి వెంటే. 1971 చట్టం ఆ తాడు తెంపి, మే నెల ఆఖరి సోమవారానికి మేకు కొట్టి సెలవుని దానికి కట్టేసింది. చంద్రుడు ఇప్పటికీ వేళకి వస్తాడు పాపం, ఎవరూ పిలవని పెద్దముత్తయిదువై ఆ ఊళ్ళ మీదుగా నడిచి వెళ్ళిపోతాడు.

వాళ్ళ పండగలకి గండాలు అప్పుడే మొదలు కాలేదు. 1647లో ప్యూరిటన్ల పార్లమెంటు క్రిస్మస్‌నే రద్దుచేసింది. 1660లో రాజు తిరిగొస్తే గానీ దానికి ఊపిరి రాలేదు. 1752లో సెప్టెంబరు 2 రాత్రి పడుకున్న జనం 14న లేచారు. క్యాలెండరు సరిదిద్దే చట్టం పదకొండు రోజుల్ని మింగేసింది. (ఆ రాజ్యపు కంపెనీ కొఠీ అప్పటికే మన విశాఖ రేవులో జెండా ఎత్తుకుని కూర్చుంది.) కేంబ్రిడ్జిషైరులోని విటిల్సీలో, జనవరి దుక్కుల వేళ, ఒళ్ళంతా గడ్డి చుట్టుకున్న మనిషి ఎలుగుబంటై ఇంటింటి ముందూ ఆడేవాడు. అది ముష్టెత్తడం కిందికి వస్తుందని 1909 ప్రాంతంలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు ఆపించాడు. ఈ కథ చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. విశాఖలో ఒక అపార్ట్‌మెంటు గేటు ముందు, వాచ్‌మన్ కర్ర అడ్డంపెడితే, లోపలికి రానివ్వని మేడల వైపు సన్నాయి ఎత్తి ఊదుతున్న మనిషినీ, ఎవరూ దీవెన అడగకపోయినా అలవాటుగా తలాడించిన గంగిరెద్దునీ నేను చూశాను. విటిల్సీ వాళ్ళు అదృష్టవంతులు. 1980లో ఊరివాళ్ళే పూనుకుని గడ్డి ఎలుగుని మళ్ళీ ఆడించుకున్నారు.

ఇక మన జాతకం. 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చింది. చెక్కులకీ ప్రామిసరీ నోట్లకీ పుట్టిన చట్టం. నోటు గడువు సెలవునాడు తీరితే ఏం చేయాలన్న చిక్కు తీర్చడానికి 25వ సెక్షనులో పబ్లిక్ సెలవంటే ఏమిటో చెప్పారు. ఆదివారాలు, కొత్త సంవత్సరం మొదటి రోజు, క్రిస్మస్, ఆ రెండూ ఆదివారం పడితే మర్నాటి సోమవారం, గుడ్ ఫ్రైడే, ఆపైన స్థానిక ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించే మరే రోజైనా.

ఆ 'మరే రోజైనా'లో ఉన్నావు నువ్వు, పెద్దపండగా! వేల పంటలు చూసినదానివి, కోటి ముగ్గులు తొక్కినదానివి, ఒక నోటు గడువు తీరే తంటాలో ఊరూ పేరూ లేని కూలివై వరసలో నిలబడ్డావు. నీ పక్కనే ఉగాది నిలబడింది. దసరా, దీపావళి, వినాయక చవితి, రంజాను, మొహర్రం అన్నీ ఆ వరసలోనే. వాళ్ళ పండగలకి చట్టంలో పేర్లు, మన పండగలకి గెజెట్‌లో దయ. తెల్లవాడు ఓడెక్కాడు, ఆ పేర్లు తర్వాత తీసేశారు, ఆ చట్టం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. నేటికీ మన బ్యాంకుల సెలవుల జాబితా దాని పేరు తలచుకునే బయటికి వస్తుంది.

జనవరి 1 సంగతి తలుచుకుంటే కడుపు రగులుతుంది. 1877లో ఆ రోజున ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియాని హిందూదేశపు చక్రవర్తినిగా చాటారు. రాజుల ఏనుగులు, తుపాకుల సలాములు, విందుల మీద విందులు. అదే జనవరిలో మద్రాసు రాజధానిలో, మన రాయలసీమలో, కరువు మనుషుల్ని పిట్టల్ని రాల్చినట్టు రాలుస్తోంది. ఒకే ఆకాశం కింద రెండు పొగలు: అక్కడ వంటశాలది, ఇక్కడ కాటిది. ఆ సంవత్సరాది మనకి అలా పరిచయమైంది. అయినా ఇప్పటికీ జనవరి 1 ఉదయం కలెక్టరు బంగళా ముందు పండ్లబుట్టలతో బారులు తీరే ఉద్యోగుల్ని చూస్తుంటే, దొరల కాలం పోయిందని ఎవరు చెప్పారో అడగాలనిపిస్తుంది. ఈమధ్య కొందరు కలెక్టర్లు పూలగుత్తులు వద్దు, పిల్లలకి నోటుపుస్తకాలు తెండి అంటున్నారు. మేలే.

క్రిస్మస్‌ది వేరే దారి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1805లో విశాఖలో దిగారు. దొరతనంతో పాటు వచ్చినా అది దొరతనంతో పాటు పోలేదు, ఎందుకంటే ఇక్కడి బీదవాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు. మా పల్లెల్లో డిసెంబరు రాగానే తాటాకు చూరుకి కాగితపు నక్షత్రం వేలాడుతుంది. లోపల పొయ్యి మీద అరిసెలే, పళ్ళెంలో జంతికలే. ఆ నక్షత్రాన్ని పరాయిదనడానికి నాకు నోరు రాదు.

కానీ నన్ను నిజంగా ఏడిపించేది ఇంగ్లండులో సోమర్‌సెట్‌లోని ఒక ఆపిల్ తోట.

కార్‌హాంప్టన్ అనే పల్లె. పదకొండు రోజులు పోయినా మేం పాత లెక్కే పాటిస్తామన్న మొండివాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. ఇప్పటికీ జనవరి 17న, పాత లెక్కలో పన్నెండో రాత్రి అని, చీకటి పడ్డాక తోటలో పెద్ద ఆపిల్ చెట్టు చుట్టూ చేరతారు. మంట వేస్తారు. చెట్టు మొదట్లో ఆపిల్ సారా పోస్తారు. కాల్చిన రొట్టెముక్కలు ఆ సారాలో ముంచి కొమ్మలకి తగిలిస్తారు, రాబిన్ పిట్టల కోసం. గాలిలోకి తుపాకులు పేల్చి చెడుని తరిమి, చెట్టుకి జోహారు పాడతారు, వచ్చే ఏడు బుట్టల నిండా కాయమని.

అదే వారంలో మా బుచ్చయ్యపేటలో కనుమ. ఎద్దుల కొమ్ములకి రంగులు, మెడలో గంటలు, నుదుట బొట్టు, నోటికి పొంగలి. పెరట్లో గుమ్మడిపాదుకి దండం. ఇంటి చూరుకి వరికంకుల కుచ్చు, పిచికల కోసం. ఆ కుచ్చు అల్లడం ఒక విద్య. కోత రోజునే మంచి కంకులు ఏరి, గడ్డి మెత్తగా ఉండగానే పాయలు తీసి, గింజ రాలకుండా, కిందికి జాలువారేట్టు అల్లాలి. మా వీధిలో ఒక ముసలాయన అల్లేవాడు. కుచ్చు కట్టి, కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి, తల వాల్చి చూసి, మళ్ళీ నిచ్చెన ఎక్కి ఒక కంకి సవరించేవాడు. పిచికలకి అందం ఎందుకు తాతా అంటే, 'విందుకి పిలిచినోళ్ళకి ఆకు తిన్నగా ఎయ్యొద్దేట్రా' అనేవాడు.

అక్కడ రొట్టెముక్క, ఇక్కడ వరికంకి. అక్కడ రాబిన్, ఇక్కడ పిచిక. సముద్రాలు దాటి ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు రైతులు ఒకే వారంలో పిట్టకి వాటా పెట్టారు. వీళ్ళిద్దరూ కలిసుంటే ఎంత బాగుండేది! కలవలేదు. మన రేవుకి వచ్చినవాడు తోటమాలి కాదు, గుమాస్తా. రాబిన్ పిట్ట కథ వాడు ఇంట్లోనే మరిచి, చేతిలో పద్దుపుస్తకంతో దిగాడు. మన పిచికల సంగతి వాడి పద్దులో ఎక్కడ రాస్తాడు?

మా పెద్దమ్మ కూతురు లీడ్స్‌లో నర్సు. నాకు చెల్లెలు. వంటింటి గోడకి ఒక పక్క ఊరి నుంచి పట్టుకెళ్ళిన వెంకట్రామా క్యాలెండరు, ఇంకో పక్క ఆసుపత్రి డ్యూటీల కాగితం. మొదటిదాంట్లో తిథులు, రెండోదాంట్లో షిఫ్టులు. బతుకు రెండోదాని ప్రకారం, బెంగ మొదటిదాని ప్రకారం.

దానికి ఆ దేశం పండగలంటే చిన్నచూపు లేదు, మక్కువే. లెంట్ ఉపవాసాల ముందు మంగళవారం ఇంటింటా అట్లు పోసుకుంటారని తెలిసి ఎగిరి గంతేసింది. ఓల్నీ అనే ఊళ్ళో ఆడవాళ్ళు పెనంలో అట్టు ఎగరేస్తూ చర్చిదాకా పరుగుపందెం వేస్తారు; 1445 నుంచీ ఉన్న ఆచారమని చెప్పుకుంటారు. 'మన అట్లతద్దికి ఈళ్ళు ఒస్తే మనకి ఉయ్యాల దొరకదు అన్నయ్యా' అంది. నవంబరు 5 రాత్రి పార్కులో మంట చూసి వీడియో తీసి పంపింది. 1605లో పార్లమెంటు కింద 36 పీపాల మందుగుండు దాచిన కుట్రలో దొరికిన గై ఫాక్స్ బొమ్మని ఆ రాత్రి తగలెడతారు. ఆయన పుట్టింది లీడ్స్ పక్కనే, యార్క్‌లో. ఆయన చదువుకున్న సెయింట్ పీటర్స్ స్కూల్లో మాత్రం ఆ బొమ్మని కాల్చరు. పూర్వ విద్యార్థి కదా! ఆ మంట దగ్గర పార్కిన్ అనే కేకు పంచారట. ఓట్స్ పిండి, అల్లం, చెరకు నుంచి తీసిన నల్లటి ట్రీకిల్ పాకం. ముక్క నోట్లో పెట్టుకుని, ఫోన్లో మాట ఆపేసింది. ఏమైందే అంటే, 'పెనం అడుగు వాసన' అంది. అంతే. గానుగ దగ్గర వేడి పాకంలో చెరకుముక్క ముంచుకు తిని నాలుక కాల్చుకున్న పిల్ల అది. ఓ చెరకా, ఎన్ని సముద్రాలు ఈది, ఎన్ని నల్లరంగులు పూసుకుని అక్కడికి చేరావు, దాన్ని ఏడిపించడానికి!

క్రిస్మస్ నాడు ఆ దేశంలో రైళ్ళు కూడా నడవవు. ఆసుపత్రి నడవాలి. ఆ రోజు డ్యూటీ ఎవరు చేస్తారని అడిగితే మా చెల్లి, ఒక పంజాబీ పిల్ల, ఒక నేపాలీ పిల్ల చేతులెత్తారు. 'ఆళ్ళకిది పెద్దపండగ. అమ్మానాన్నల కాడికి పోనీ' అంది. పోయారు. మర్నాడు బాక్సింగ్ డే. పూర్వం అక్కడి కామందులు పనివాళ్ళకి పెట్టెల్లో కానుకలు పెట్టి ఇచ్చిన రోజు. మా దగ్గర కనుమకి కంబారికి పంచె, గంపెడు ధాన్యం ఇచ్చినట్టు. ఆ రోజూ డ్యూటీ చేసింది. బదులుగా సంక్రాంతికి సెలవు అడిగింది. అప్పటికే కాగితం నిండిపోయింది. ఎవరిదీ తప్పు కాదు. అదే నా ఏడుపు. తిట్టడానికి ఒక్క మనిషి ముఖమైనా దొరకదు. నిండిపోయిన కాగితం దొరుకుతుంది.

అంతకు ముందొక ఏడాది పట్టుబట్టి ఊరికి వచ్చింది. కనుమనాడు కాకైనా కదలదంటారు. మా పిల్ల కనుమ మధ్యాహ్నం విశాఖలో విమానం ఎక్కింది.

ఈసారి అక్కడ శనివారం పండగ ఎలా జరిగిందో ఫోన్లో అన్నీ చూపించింది. స్కూలు హాలు, మడత కుర్చీలు, నేల పాడవకుండా అంటించి తీసేసే ముగ్గులు. రేగుపళ్ళు దొరక్క భోగిపళ్ళలో ఎండుద్రాక్ష. పొగ వస్తే అలారం మోగుతుందని భోగిమంటకి ఎర్రకాగితం నాలుకలు, లోపల బల్బు. ఆరింటికల్లా ఊడ్చి తాళాలు అప్పగించాలి. నవ్వడానికి చెప్పడం లేదు. రాత్రి డ్యూటీ దిగి, కళ్ళు మూతలు పడుతుంటే, ఆ ఎర్రకాగితాన్ని మంట ఆకారంలో కత్తిరించిన చేతులకి దండం పెడుతున్నాను. ఇక్కడ మేం ఏం వెలగబెడుతున్నామని? భోగిమంటలో టైర్లు కాలుస్తున్నాం. తప్పెటగుళ్ళు నేర్చుకునే కుర్రాడు లేడు, డీజే బాక్సులకి మాత్రం ఊరూరా పోటీ. మొదటి రోజు బస్సు దిగినవాళ్ళు మూడో రోజు బస్సెక్కుతారు. పిచికలకి కుచ్చు అల్లే తాత పోయి చాలా కాలమైంది. ఆయన ఆకులో ఇప్పుడు ఎవరు ఏం పెడుతున్నారో. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో 2006లో వెలిసిన బాలాజీ గుడికి మా చెల్లి బస్సులు మారి వెళ్ళొస్తుంది. మా ఊళ్ళో గుడి పక్క ఇంటివాళ్ళు టీవీలో దర్శనం చేసుకుంటున్నారు.

శనివారం సంగతి పెద్దమ్మకి చెప్పింది నేను కాదు, అదే చెప్పింది.

"శనివారం పెద్దపండగేటే గుంటా?" అంది పెద్దమ్మ, ఫోను చెవికి కాక కళ్ళకి ఆనించుకుని. "పెద్దలకి తెలుస్తాదేటి శనివారమని? ఆళ్ళు గురువారమే మనింటి మూలకొచ్చి తినీసి పోతారు. నువ్వు శనివారం ఆకేస్తే ఎవుల్లొస్తారు?"

దీనికి జవాబు చెప్పగల శాస్త్రం ఉందా? గురువారం మా ఇంట్లో ఆకు వేసేసరికి ఇక్కడ మిట్టమధ్యాహ్నం, అక్కడ ఉదయం ఆరున్నర. లీడ్స్‌లో జనవరి సూర్యుడు ఎనిమిది దాటితే గానీ లేవడు. ఉత్తరాయణ పుణ్యకాలాన, ఉత్తరాన ఉన్న మా పిల్లకి సూర్యుడే కనిపించడు. ఆ చీకట్లో బస్టాపులో నిలబడి, చెవిలో తీగ పెట్టుకుని, మా గదిలో సాంబ్రాణి వేస్తున్న చప్పుళ్ళు వింటూ డ్యూటీకి వెళ్ళింది.

నేనే దానికి ఒక కథ చెప్పాను, ధైర్యానికి. మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవాళ్ళకి 1919 నుంచి నవంబరు 11 ఉదయం పదకొండింటికి ఆ దేశం రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడేది. బట్టకి గుచ్చుకున్న ఎర్ర గసగసాల పువ్వు, పెదవి మీద పేరు. వాళ్ళ పద్ధతిలో అదీ పెద్దలకి పెట్టుకోవడమే. రెండో యుద్ధం రాగానే ఫ్యాక్టరీలు ఆగితే గుళ్ళు తగ్గుతాయని ఆ నిశ్శబ్దాన్ని దగ్గరి ఆదివారానికి జరిపారు. మృతులకే వాయిదా! యుద్ధం అయిపోయింది, ఆదివారం ఉండిపోయింది. యాభై ఏళ్ళు అలాగే గడిచాక, 1995లో పాత సైనికుల సంఘం గొంతెత్తి అడిగితే, నవంబరు 11 పదకొండు గంటలకి దాని నిశ్శబ్దం దానికి దక్కింది. అడిగితే దక్కింది.

"మా వార్డులో కూడా ఆ రెండు నిమిషాలు అందరూ ఆగిపోతారన్నయ్యా" అంది చెల్లి. "బెల్లు మోగినా ఎవరూ కదలరు."

ఇంకో ఆచారం అదే చెప్పింది. ఈస్టర్‌కి మూడు వారాల ముందు ఆదివారం అక్కడ అమ్మల పండగ. పూర్వం దొరల ఇళ్ళల్లో పాచిపనికి కుదిరిన ఆడపిల్లలు ఏడాదంతా ఇల్లు చూడకుండా ఊడిగం చేసేవాళ్ళు. ఆ ఒక్క ఆదివారం వాళ్ళకి సెలవిచ్చి కన్నతల్లి దగ్గరికి పంపేవాళ్ళట. బాదం ముద్ద పరిచిన సిమ్నెల్ కేకు చేతపట్టి, గట్టు మీద వయొలెట్ పూలు కోసుకుంటూ, పొలాలకడ్డంపడి పుట్టింటికి నడిచేవాళ్ళట ఆ పిల్లలు. ఆ నడకని తలుచుకోండి. మోకాళ్ళ దాకా మంచు తడి, చేతుల నిండా పూలు, కంటికి ఆనుతున్న అమ్మ ఇంటి పొగ. ఇప్పుడది కార్డులూ పూలగుత్తులూ అమ్ముకునే ఆదివారం. అయినా పనిపిల్లకి తల్లి ఉంటుందని ఒప్పుకున్న రోజు ఒకటి ఆ దేశం క్యాలెండర్లో ఉంది, ఏ బ్యాంకరూ ఇవ్వకుండానే ఉంది.

పెద్దమ్మకి ఇదంతా విడమరిచి చెప్పాం. పావు వంతు అర్థమై ఉంటుంది. అందులోంచి తనకి కావలసింది మాత్రం పట్టేసుకుంది.

"ఓలమ్మా, పనిపిల్లని తల్లి కాడికి తోలీసే బుద్ధి ఆళ్ళకున్నాదన్నమాట. మరి నీకేటి అడ్డు? వొచ్చే పెద్దపండక్కి ఇప్పుడే సెలవు సీటీ రాసీయ్. శనివారం కాదు. పండగ రోజుకి రాయి."

"రాస్తానే. సంక్రాంతి అయిన మర్నాడే రాసి పడేస్తా ఈసారి, కాగితం నిండకుండా."

"ఎందుకో కూడా రాయి."

"కారణం రాయక్కర్లేదే అమ్మా ఇక్కడ. తారీకులిస్తే చాలు."

"రాయకపోతే ఆళ్ళకెలగ తెలుస్తాది? పెద్దలొస్తారు, ఇంటికాడ ఉండాల అని రాయి. ఇంగిలీసులో రాయి. ఆళ్ళకీ పెద్దలున్నారు గదేటి!"

చెల్లి నవ్వుతూనే పెన్ను కోసం వంటింటి సొరుగు లాగింది.

"రాసినావా?" అంది పెద్దమ్మ. "ఏదీ, సదువు."

చదివింది.

"ఇంకో ముక్క కలుపు. మా యమ్మ గారెలు ఒక్కత్తీ వండుకోలేదు అని."

"అమ్మా!"

"కలుపే."

కలిపింది.